కాలి ఆజ్ఞ, ఇంజను జవాబు: థ్రాటిల్ ఆలస్యపు చరిత్ర

మాటతో మొదలుపెట్టడం తెలుగు పంతులుకు అలవాటు. ఆంగ్లంలో ‘థ్రోట్’ అంటే గొంతు. దానినుంచి పుట్టిన ‘థ్రాటిల్’ అనే క్రియకు గొంతు నులమడం అని అర్థం. పెట్రోలు కారు ఇంజనులోకి గాలి పోయే గొట్టంలో నాణెంలాంటి గుండ్రని రేకు ఒకటి ఇరుసు మీద తిరుగుతూ ఉంటుంది. అది అడ్డంగా నిలిస్తే ఇంజను గొంతు నొక్కినట్టు. వాలుగా తిరిగితే పట్టు సడలించినట్టు. ఆ రేకునే థ్రాటిల్ అంటారు. యాక్సిలరేటరు నొక్కితే ఇంజనుకు పెట్రోలు పోస్తున్నామని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడు మనం నులిమిన గొంతును వదులుతున్నాము. పెట్రోలు ఆ గాలి వెంట వస్తుంది.

కాలు నొక్కిన క్షణానికీ, బండి ముందుకు దూకే క్షణానికీ నడుమ ఉండే వ్యవధిని ఇంజనీర్లు ‘థ్రాటిల్ లాగ్’ అంటారు. మన మెకానిక్కులు “బండికి పికప్ లేదు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఈ వ్యాసంలో దానిని ‘జవాబు ఆలస్యం’ అని వ్యవహరిస్తాను. బజారుకు పోయివచ్చే కారులో ఈ ఆలస్యం చికాకు మాత్రమే. కొండదారిలో జోరుగా పోయే స్పోర్ట్స్ కారులో సంగతి వేరు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 28 మీటర్లు నడుస్తుంది. ఇంజను ఒక్క సెకను తడవు చేసి జవాబిస్తే, చోదకుడు అడిగిన శక్తి అడిగిన చోట కాక 28 మీటర్ల అవతల చేతికి అందుతుంది. అడిగినప్పుడు దారి తిన్నగా ఉండవచ్చు. అందేసరికి కారు మలుపు నడుమ ఉండవచ్చు.

ఈ ఆలస్యానికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. నిర్మాతలు ఒకచోటినుంచి తరిమిన ప్రతిసారీ అది మరొకచోట కాపురం పెట్టింది: మొదట పెట్రోలులో, తరువాత టర్బోలో, ఆపైన కంప్యూటరు రాతలో. ఈనాడు ఒక కారులో ఆ జబ్బు ఎక్కడున్నదో కనిపెట్టవలసిన వైద్యుడికి ఈ మూడు కాపురాల సంగతీ తెలిసి ఉండాలని నా అభిప్రాయం. తెలియకపోతే ఎంత డబ్బు వృథా అవుతుందో ముందు ముందు ఒక ఉదాహరణ చెబుతాను.

పెట్రోలు వెనుకబడిన కాలం

కార్బ్యురేటరు పనితీరు చాలా సరళమైనది. ఇరుకైన గొట్టంలో గాలి వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల పక్కనున్న సన్నని రంధ్రం నుంచి పెట్రోలును పీల్చుకుంటుంది. చోదకుడు పెడలును నెమ్మదిగా నొక్కినంతసేపు గాలీ పెట్రోలూ జోడెడ్లలాగా కలిసే నడుస్తాయి. హఠాత్తుగా నొక్కితే గాలి చప్పున లోపలికి దూకుతుంది. దానికంటె ఎన్నో రెట్లు బరువైన పెట్రోలు కదలడానికి తడవు పడుతుంది. ఆ లిప్తపాటులో ఇంజనుకు గాలి ఎక్కువై, పెట్రోలు చాలక, మంట సరిగా అంటుకోదు. ఇంజను ఒకసారి గుటక మింగి, అప్పుడు అందుకుంటుంది.

దీనికి రెండు మందులు కనిపెట్టారు. మొదటిది యాక్సిలరేటరు పంపు. పెడలును గట్టిగా నొక్కగానే ఇది చిన్న పిచికారీ లాగా కొంత పెట్రోలును అదనంగా చిమ్ముతుంది. రెండవది బ్రిటిషు స్పోర్ట్స్ కార్లకు ప్రాణమైన ఎస్.యు. కార్బ్యురేటరులోని ఏర్పాటు. 1961 నాటి జాగ్వార్ ఈ-టైప్‌కు ఇవి మూడు ఉండేవి. 1962లో వచ్చిన ఎం.జి.బి.కి రెండు. వీటిలో గాలిదారిని వెడల్పు చేస్తూ పైకి లేచే పిస్టను ఒకటి ఉంటుంది. దాని నడుమనున్న చిన్న గొట్టంలో నూనె పోస్తారు. పెడలు నొక్కగానే పిస్టను ఒక్కసారిగా లేవకుండా ఆ నూనె పట్టి ఉంచుతుంది. గాలిదారి క్షణకాలం ఇరుకుగానే ఉండి, గాలి వేగం పెరిగి, పెట్రోలును ఎక్కువగా పీల్చుతుంది. ఇంజను చేసే ఆలస్యాన్ని పోగొట్టడానికి పిస్టను చేత కావాలని ఆలస్యం చేయించారన్న మాట!

ఆ నూనె ఇంకిపోతే కారు పాత జబ్బుకు తిరిగి వస్తుంది. చెంచాడు నూనెతో నయమయ్యే ఈ లోపానికి స్పార్కు ప్లగ్గులు మార్చినవారూ, కార్బ్యురేటరంతా విప్పినవారూ ఎందరో ఉంటారు. ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్షను పద్ధతి 1954లో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ కారులో యాంత్రికంగాను, 1967లో బాష్ సంస్థ డి-జెట్రానిక్ పేరుతో ఎలక్ట్రానిక్ రూపంలోను వచ్చింది. దానితో పెట్రోలు వెనుకబడటమనే సమస్య క్రమంగా చిన్నదైపోయింది. అంతలో ఆలస్యానికి కొత్త ఇల్లు దొరికింది.

బొంగరం ప్రవేశం

లాటిను భాషలో ‘టర్బో’ అంటే సుడిగాలి, బొంగరం. ఈ యంత్రానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. ఇంజను బయటికి వదిలే వేడివాయువుల్లో ఎంతో శక్తి వృథాగా పోతున్నదని గమనించి, స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో దానిని పట్టుకునే ఉపాయానికి పేటెంటు తీసుకున్నాడు. ఒక ఇరుసు, దాని ఒక కొసన చక్రం, రెండవ కొసన మరొక చక్రం. బయటికిపోయే వాయువు మొదటి చక్రాన్ని తిప్పుతుంది. రెండవ చక్రం బయటి గాలిని దట్టించి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కాల్చవచ్చు, శక్తి పెరుగుతుంది. నేటి కారు టర్బోలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి.

ఇందులోనే చిక్కు ఉంది. బొంగరం తిరగాలంటే వాయువు బలంగా రావాలి. వాయువు బలంగా రావాలంటే ఇంజను ఎక్కువ గాలి పీల్చి, ఎక్కువ పెట్రోలు కాల్చాలి. ఎక్కువ గాలి రావాలంటే బొంగరం తిరగాలి. మన శాస్త్రాల్లో దీనినే బీజాంకుర న్యాయం అంటారు: విత్తు ముందా, మొలక ముందా? ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఉన్నప్పుడు కాలు నొక్కితే, ఈ చక్రం ఒకదానినొకటి లేపుకుంటూ పూర్తి బలానికి చేరడానికి పట్టే సమయమే ‘టర్బో లాగ్’.

ఓడలకు ఈ బాధ లేదు. సముద్రం మీద ఇంజను గంటల తరబడి ఒకే వేగంతో తిరుగుతుంది. విమానాలకూ దాదాపు అంతే. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు లిబర్టీ విమానపు ఇంజనుకు టర్బో తగిలించి, కొలరాడోలో 14,000 అడుగుల పైచిలుకు ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం మీద పరీక్షించాడు. పలుచని గాలిలో కూడా ఇంజను బలం తగ్గకుండా చూడటమే అతడి ధ్యేయం. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా బి-17 బాంబరు విమానాలు ఈ టర్బోలతోనే ఎగిరాయి. పెడలును క్షణక్షణం నొక్కుతూ వదులుతూ ఉండే వాహనం కారు ఒక్కటే. అందుచేత టర్బోకు కారులో అసలు పరీక్ష ఎదురైంది.

1962లో జనరల్ మోటార్స్ రెండు టర్బో కార్లను అమ్మకానికి పెట్టింది: షెవ్రొలే కోర్వేర్ మోంజా స్పైడర్, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. జెట్‌ఫైర్ కథ మన విషయానికి చాలా దగ్గరిది. దాని 3.5 లీటర్ల ఇంజను 215 అశ్వశక్తి ఇచ్చేది. దట్టించిన గాలి వేడెక్కి ఇంజనులో అకాల దహనం కలగకుండా, నీరూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మేవారు. దానికి ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అని ఆర్భాటమైన పేరు పెట్టారు. ఆ ద్రవం అయిపోతే, గాలిదారిలోనే ఉన్న మరొక రేకు మూసుకుని టర్బో బలాన్ని కట్టడి చేసేది. చాలామంది యజమానులు ద్రవం పోయడం మరచిపోయారు. కారు మందకొడిగా మారింది. 1965లో, కావాలన్న యజమానులకు టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటరు పెట్టి ఇచ్చే ఏర్పాటు చేశారు. యంత్రం తన రక్షణకోసం తన గొంతు తానే నులుముకోవడం ఇక్కడ మొదలైందని నేను భావిస్తాను. ఈ రెండవ రేకును గుర్తుంచుకోండి. అరవై ఏళ్ళ తరువాతి కార్లలో అది వేరే వేషంలో కనబడుతుంది.

ఆ తరువాతి అధ్యాయం పందేలది. పోర్షే సంస్థ 12 సిలిండర్ల 917 కారుకు టర్బోలు తగిలించి, అమెరికా, కెనడా దేశాల కాన్-యామ్ పందేలకు పంపింది. ఆ ఇంజను బలం వెయ్యి అశ్వశక్తి ప్రాంతాన ఉండేది. కారును తీర్చిదిద్దే బాధ్యత మార్క్ డొనహ్యూ మీద పడింది. ఇతడు పందెగాడు మాత్రమే కాదు, చదువుకున్న ఇంజనీరు కూడా. పరీక్షాయంత్రం మీద పూర్తి థ్రాటిల్‌తో అద్భుతంగా నడిచే ఇంజను, మలుపుల్లో పెడలును సగం నొక్కినప్పుడు చెప్పినమాట వినేది కాదు. టర్బో తత్త్వమే అంత అని సరిపెట్టుకోకుండా, పాక్షిక థ్రాటిల్ దగ్గర ఇంధనం కొలత సరిపడేదాకా పనిచేయించడం అతడి పట్టుదల. 1972లో డొనహ్యూ గాయపడగా జార్జ్ ఫాల్మర్ ఆ కారుతో విజేత అయ్యాడు. 1973లో 917/30 కారుతో డొనహ్యూయే విజేత. ఆ కథలో నాకు నచ్చినది ఒక్కటే: పేరుమోసిన దొంగ ఊళ్ళో ఉన్నాడు కదా అని, ప్రతి దొంగతనాన్నీ వాడికే అంటగట్టలేదు.

మలుపులో పడిన పిడుగు

పందెపు విద్య వీధికి దిగడానికి ఎంతోకాలం పట్టలేదు. 1973లో బి.ఎం.డబ్ల్యు. 2002 టర్బో వచ్చింది. 170 అశ్వశక్తి. ముందు కారు అద్దంలో సరిగా కనబడేటట్టు ‘టర్బో’ అన్న అక్షరాలను ముందుభాగాన తిరగేసి రాశారు. అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చిపడింది; మొత్తం 1,672 కార్లతో దాని కథ ముగిసింది. 1974 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో పోర్షే 911 టర్బో కనబడింది. 3 లీటర్ల ఇంజను, 260 అశ్వశక్తి. 1978 నమూనాకు 3.3 లీటర్లు, 300 అశ్వశక్తి, దట్టించిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు చేరాయి. సంస్థ లోపలి సంఖ్య 930. అభిమానులు దానికి పెట్టిన మారుపేరు మాత్రం ‘విడో మేకర్’. భార్యలను వితంతువులను చేసేది అని.

అంత భయంకరమైన పేరు ఎందుకు వచ్చింది? ఈ కారులో ఇంజను వెనుక చక్రాలకు కూడా వెనుక ఉంటుంది. చోదకుడు మలుపు తిరుగుతూ పెడలు నొక్కుతాడు. బొంగరం ఇంకా లేవలేదు. కారు మామూలుగానే పోతుంది. చాలలేదనుకుని మరికొంచెం నొక్కుతాడు. అప్పటికీ నిశ్శబ్దం. ఇంతలో బొంగరం లేస్తుంది. మొదట అడిగినదీ, తరువాత అడిగినదీ కలిపి ఒక్కసారిగా, సరిగ్గా మలుపు నడుమ వచ్చిపడతాయి. వెనుక చక్రాలు పట్టు తప్పుతాయి. ఎవరైనా భయపడి కాలు తీసేస్తారు. కాలు తీయగానే బరువు ముందుకు మొగ్గి, వెనుకనున్న ఇంజను బరువు గడియారపు లోలకంలా పక్కకు ఊగి, కారు గిరగిర తిరిగిపోతుంది.

ఇలాంటి ప్రమాదాలను చోదకుడి అజ్ఞానంగా కొట్టిపారవేయడం ఆనవాయితీ. నేను దానితో ఏకీభవించలేను. మనిషి తన చేతికీ కాలికీ వెనువెంటనే ఫలితం కనబడుతుందన్న నమ్మకం మీదనే ఏ పని అయినా నేర్చుకుంటాడు. పిల్లవాడు పలక మీద బలపం కదిపితే గీత అప్పుడే పడాలి. రెండు క్షణాల తరువాత పడే పలకతో ఏ పిల్లవాడూ అక్షరం దిద్దలేడు. నిపుణులైన పందెగాళ్ళు ఈ విపరీతానికి కూడా అలవాటుపడ్డారు: మలుపు చివర కావలసిన శక్తికి మలుపు మొదట్లోనే అర్జీ పెట్టుకునేవారు. ర్యాలీ పందేలలో వాల్టర్ రోర్ల్ వంటివారు ఆడీ క్వాట్రోలో ఎడమకాలితో బ్రేకు నొక్కుతూనే కుడికాలితో యాక్సిలరేటరు వదలకుండా, బొంగరాన్ని తిరుగుతూ ఉంచే విద్య సాధించారు. ఆ నైపుణ్యం మెచ్చదగినదే. అది లేనివాడికి ఆ కారును అమ్మడం మాత్రం ఆలోచించవలసిన విషయం.

బొంగరానికి మందులు

ఫార్ములా వన్‌లో ఆలస్యం బాధను అందరికంటె ముందు రెనో జట్టు అనుభవించింది. 1977లో సిల్వర్‌స్టోన్‌లో జాన్-పియెర్ జబుయ్ నడిపిన 1.5 లీటర్ల టర్బో కారు తరచు పొగ కక్కి ఆగిపోవడంతో, ఇంగ్లీషువారు దానిని ‘పసుపుపచ్చ టీపాట్’ అని వెక్కిరించారు. 1979లో ఆ జట్టు ఒక పెద్ద టర్బోకు బదులు రెండు చిన్న టర్బోలు పెట్టింది. చిన్న బొంగరం తేలిక, త్వరగా లేస్తుంది. ఆ ఏడాదే దిజోఁలో జబుయ్ గెలిచాడు. ఫార్ములా వన్‌లో టర్బో కారుకు అదే తొలి విజయం.

వీధికార్లలో ఇదే సూత్రాన్ని స్వీడను వారి సాబ్ సంస్థ 1977లో చూపిన 99 టర్బోలో పాటించింది. గరిష్ఠ బలం మీద మోజు తగ్గించి, చిన్న టర్బో పెట్టి, బలం మితిమీరకుండా వేస్ట్‌గేట్ అనే తలుపుతో అదనపు వాయువును పక్కకు మళ్ళించింది. లాన్చా సంస్థ 1985 నాటి డెల్టా ఎస్4 ర్యాలీ కారులో ఇంజనే నేరుగా తిప్పే సూపర్‌చార్జరును కూడా టర్బోతో జతచేసింది. కింది వేగాల్లో అది, పై వేగాల్లో ఇది. మొదటి పోటీలోనే హెన్రీ టొయివొనెన్ దానితో బ్రిటనులోని ఆర్.ఏ.సి. ర్యాలీ గెలిచాడు. 1986 మేలో కోర్సికాలో అదే రకం కారులో అతడూ, సహచోదకుడు సెర్జియో క్రెస్టో మరణించారు. ఆ శ్రేణి కార్లనే తరువాత నిషేధించారు. జవాబు త్వరగా వచ్చినంత మాత్రాన వేగం సురక్షితం కాదని చెప్పడానికి ఈ మాట రాస్తున్నాను. పోర్షే 959 రెండు టర్బోలను ఒకదాని తరువాత ఒకటి రంగంలోకి దించింది. 2006లో 911 టర్బో, వాయువేగాన్ని బట్టి రెక్కల కోణం మార్చుకునే టర్బోతో వచ్చింది. 2014 నుంచి 2025 దాకా ఫార్ములా వన్ కార్లలో ఒక విద్యుత్ మోటారు బొంగరాన్ని తానే తిప్పి, బీజాంకుర న్యాయాన్ని మధ్యలో తెంచింది. 2026 నియమాలు దానిని తీసివేశాయి. ఆ ఉపాయమే 2024లో 911 జి.టి.ఎస్. రూపంలో వీధికి దిగింది.

తీగ పోయి రాత వచ్చింది

బొంగరం ఆలస్యం ఇలా తగ్గుతూ ఉండగా మూడవ కాపురం సిద్ధమైంది. అదివరకు పెడలుకూ థ్రాటిల్ రేకుకూ నడుమ ఒక ఉక్కుతీగ ఉండేది. కాలు ఎంత నొక్కితే రేకు అంత తిరిగేది. 1987లో బి.ఎం.డబ్ల్యు. 750 ఐ.ఎల్. కారు ఆ తీగను తీసేసిన తొలితరం కార్లలో ఒకటి. పెడలు దగ్గర ఒక సెన్సరు, రేకు దగ్గర ఒక చిన్న మోటారు, నడుమ కంప్యూటరు. 1990ల చివరికి బాష్ వారి పద్ధతుల్లో మరొక అడుగు పడింది. పెడలు నొక్కడాన్ని రేకుకు ఇచ్చే ఆజ్ఞగా కాక, ఇంత బలం కావాలన్న విన్నపంగా కంప్యూటరు చదువుకుంటుంది. ఆ విన్నపాన్ని గేరుబాక్సు మన్నిక, చక్రాల పట్టు, పొగలోని కాలుష్యం వంటి వాటితో సరిచూసి, అప్పుడు రేకును తిప్పుతుంది. జెట్‌ఫైర్‌లోని రెండవ రేకు ఇప్పుడు కంటికి కనబడని రాత అయింది.

ఇందులో మేలు చాలా ఉంది. చక్రాలు జారకుండా ఆపడం, ఇంధనం ఆదా, పొగ తగ్గడం దీనివల్లనే సాధ్యమయ్యాయి. కాలు తీసిన తరువాత కూడా ఇంజను వేగం వెంటనే దిగకపోవడం కొందరికి లోపంగా తోస్తుంది. రేకు ఒక్కసారిగా మూసుకుంటే కాలని ఇంధనం పొగలో పోతుందని, కంప్యూటరు దానిని కావాలనే నెమ్మదిగా మూస్తుంది. 2009-10లో అమెరికాలో టొయోటా కార్లు తమంతట తామే వేగం పుంజుకుంటున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. లక్షలాది కార్లను వెనక్కు పిలిచారు. నాసా ఇంజనీర్లు పరిశీలించి, అంత పెద్దయెత్తున థ్రాటిల్ తెరుచుకోవడానికి ఎలక్ట్రానిక్ లోపం కారణమన్న ఆధారం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో తేల్చారు. ఆ కాలంనుంచి, బ్రేకు నొక్కితే యాక్సిలరేటరు మాట చెల్లకుండా చేసే ఏర్పాటు బాగా వ్యాపించింది. ఫలితంగా రోర్ల్ నాటి ఎడమకాలి విద్యను ఈనాటి కారులో ప్రయత్నిస్తే ఇంజను చల్లబడిపోతుంది. అప్పటి మందు ఇప్పుడు రోగలక్షణంగా కనబడుతుంది.

రోగనిర్ణయం

జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకరు పాత టర్బో స్పోర్ట్స్ కారు కొనుక్కున్నారు. బ్లాక్ ఫారెస్ట్ కొండదారుల్లో జోరుగా అరగంట నడిపాక కారు జవాబు మందగించేదట. అక్కడి వర్క్‌షాపు వారు ‘ఇది టర్బో జబ్బే’ అని కొత్త టర్బో వేశారు. పెద్ద మొత్తమే ఖర్చయింది. మళ్ళీ అరగంటకు అదే కథ. “మాస్టారూ, మీరు చెప్పిన తర్కం కారుకు పనికివస్తుందా?” అని పరిహాసంగా రాశారు. పనికివస్తుందనే నా సమాధానం. అన్వయవ్యతిరేకాలు అని మన తార్కికులు చెప్పినది అదే: ఇది ఉన్నప్పుడు అది ఉన్నదా? ఇది లేనప్పుడు అది లేకుండా పోయిందా?

ఆలస్యం ఇంజను కిందివేగంలోనే ఉండి, పైవేగంలో మాయమైతే అది బొంగరపు స్వభావం. ఒక గేరు తగ్గించడమే దానికి మందు. అన్ని వేగాల్లోనూ ఒకే తీరుగా ఉంటే పెడలు, రేకు, రాత ఈ మూడింటి వైపు చూడాలి. కాలి కింది మ్యాటు మడతపడి పెడలును పూర్తిగా దిగనివ్వకపోవడం కూడా ఒక కారణమే. అది చూడటానికి పైసా ఖర్చు లేదు. చల్లగా ఉన్నప్పుడు లేని ఆలస్యం వేడెక్కాక వస్తే, వేడితో మారేవాటిని చూడాలి.

తరువాతి పని స్కానరుది. స్కానరు అనగానే తప్పుసంఖ్య చదివి ఊరుకోవడం కాదు. కారు నడుస్తూ ఉండగా ఐదు అంకెలను పక్కపక్కన నమోదు చేయాలి: పెడలు ఎంత దిగింది, రేకు ఎంత తెరుచుకుంది, ఎంత గాలి వచ్చింది, కంప్యూటరు కోరిన గాలిపీడనం ఎంత, నిజంగా వచ్చినది ఎంత. పెడలు దిగినా రేకు వెనుకబడితే లోపం రేకుకు పట్టిన మసిలోనో, సెన్సరులోనో, రాతలోనో ఉంది. రేకు వెంటనే తెరుచుకుని పీడనం వెనుకబడితే గొట్టాలు, వేస్ట్‌గేట్, గేరు మార్చేటప్పుడు గాలిని తిప్పిపంపే వాల్వు, ఆఖరున టర్బో. పీడనం వచ్చినా బలం రాకపోతే, లోపలికి వచ్చే గాలి మరీ వేడెక్కి కంప్యూటరు స్పార్కును వెనక్కు జరిపిందేమో, ఇంధన పీడనం చాలడం లేదేమో చూడాలి. ఇంజను వేగం పెరిగినా కారు వేగం పెరగకపోతే క్లచ్చు జారుతున్నది. ఇంజనును నిందించి లాభం లేదు.

మా విద్యార్థి కారును వేరొక మెకానిక్కు ఇలాగే పరీక్షించాడు. రేకు తక్షణం తెరుచుకుంటున్నది. పీడనం మాత్రం, వేడెక్కిన తరువాత, కోరినదానికంటె తడవుగా చేరుతున్నది. ఇంటర్‌కూలరు నుంచి థ్రాటిల్‌కు పోయే రబ్బరు గొట్టానికి అడుగున ఒక చీలిక. చల్లగా ఉన్నప్పుడు అది మూసుకుని ఉండేది. వేడికి రబ్బరు మెత్తబడి, పీడనానికి నోరు తెరిచేది. పాత టర్బో నిర్దోషి. అది అప్పటికే పాత ఇనుములో కలిసిపోయింది. దొంగ పేరు ముందే ఖాయం చేసుకుని వెతకడం వల్ల కలిగిన నష్టం ఇది.

బొంగరం లేని బళ్ళు

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగింది. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లలో పెట్రోలు లేదు, గాలి లేదు, బొంగరం లేదు. విద్యుత్ మోటారు దాదాపు తక్షణం జవాబిస్తుంది. దానితో ఈ చరిత్ర ముగిసిందని కొందరంటారు. నాకు అలా తోచడం లేదు. విద్యుత్ కారులో కాలికీ చక్రానికీ నడుమ ఉన్నదంతా రాతే. ‘ఎకో’ మీట నొక్కితే అదే మోటారు మందకొడి అవుతుంది. ‘స్పోర్ట్’ మీట నొక్కితే చురుకవుతుంది. ఆలస్యం ఇప్పుడు ప్రకృతి నియమం కాదు, ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయం మంచిదే కావచ్చు. కాని ఏ స్థితిలో కారు తన మాట వినదో, ఎంతసేపు వినదో కొన్నవాడికి అర్థమయ్యే భాషలో చెప్పవలసిన బాధ్యత నిర్మాతలది. 1962లో ద్రవం అయిపోయిన జెట్‌ఫైర్ యజమాని ఎంత అయోమయంలో ఉన్నాడో, ఈనాటి యజమాని అంతే అయోమయంలో ఉండటం న్యాయం కాదు.

చదువరులలో ఈ యంత్రాలతో నిత్యపరిచయం ఉన్నవారు తమ అనుభవాలు పంచుకుంటే సంతోషిస్తాను. ముఖ్యంగా కార్బ్యురేటరు కాలంనాటి ముచ్చట్లు ఎవరి దగ్గరైనా ఉంటే రాయండి. అలాగే ‘లాగ్’ అన్న మాటకు నేను వాడిన ‘జవాబు ఆలస్యం’ కంటె పొందికైన తెలుగు మాట తోస్తే తప్పక సూచించండి. ‘పికప్’ లాగా అది మెకానిక్కు నోట పలకాలి, అదొక్కటే షరతు.